క్యాసెట్లలో వచ్చిన ఉత్తరాలు: ఒక గల్ఫ్ వలస ఊరి ఆర్కైవ్‌పై కేస్ స్టడీ

ఈ కేసు పాత కరీంనగర్ జిల్లాలోని ఒక ఊరిది. ఊరి పేరు, మండలం, మనుషుల పేర్లు తీసేశాను. గుర్తుపట్టే వీలున్న చోట రెండు మూడు ఇళ్ళ వివరాలను కలిపి రాశాను. వలస జ్ఞాపకాలను భద్రపరిచే పనిలో ఉన్నవాళ్ళకు ఇందులో పనికొచ్చే సంగతి ఒకటుందని నా నమ్మకం. ఏ రికార్డును ఎవరు వినవచ్చు, ఎవరు వినకూడదు అన్న నియమాలను బయటి నుంచి తయారుచేసి తీసుకెళ్ళినంతకాలం ఇక్కడ పని ముందుకు సాగలేదు. ఆ నియమాలు ఆ ఇళ్ళలో నలభై ఏళ్ళ కిందటే ఏర్పడి, క్యాసెట్లను నింపిన తీరులోనే కనిపిస్తున్నాయని తెలిశాక సాగింది.

నేపథ్యం

1973లో చమురు ధరలు ఒక్కసారిగా పెరిగి గల్ఫ్ దేశాల్లో నిర్మాణాలు ఊపందుకున్నాక, కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల పల్లెల నుంచి మగవాళ్ళు అటు పోవడం మొదలైంది. 1980లు వచ్చేసరికి ఈ ఊళ్ళో దాదాపు ప్రతి వాడలోనూ గల్ఫ్‌లో మనిషి లేని ఇల్లు వేళ్ళమీద లెక్కపెట్టేటట్టు ఉండేదని పెద్దవాళ్ళు చెబుతారు. బావులు ఎండిపోవడం, మగ్గాలు ఆగిపోవడం, మిత్తికి తెచ్చిన అప్పులు అందరూ చెప్పే కారణాలే. వీటితోపాటు, అంతగా బయటికి చెప్పని కారణం ఇంకొకటుంది. 1978లో దొరలకు వ్యతిరేకంగా రైతుకూలీలు జరిపిన జగిత్యాల జైత్రయాత్ర తర్వాత జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ తర్వాత వయసులో ఉన్న కొడుకు ఊళ్ళో ఉంటే ఎటుపోయి ఎటు వస్తుందోనన్న భయంతో అప్పుచేసి మరీ వీసా కొన్న ఇళ్ళు ఉన్నాయి. తర్వాత తీసుకున్న ఒక నిర్ణయానికి ఈ సంగతి అవసరం కాబట్టి ఇక్కడే చెబుతున్నాను.

ఇంటి నుంచి కబురు అందడానికి అప్పట్లో ఉత్తరమే దిక్కు. అది చేరడానికి రెండు మూడు వారాలు పట్టేది. రాయడం రానివాడు క్యాంపులో రాయవచ్చినవాడి చేత రాయించుకోవాలి, ఇక్కడ చదవడం రాని భార్య బడిపంతులు చేతనో, పోస్టుమాన్ చేతనో చదివించుకోవాలి. అంటే ఆ ఇద్దరి మధ్య మాట ఇంకో ఇద్దరి నోటి గుండా పోకతప్పదు. తొలిసారి సెలవు మీద వచ్చినవాళ్ళు టూ-ఇన్-వన్ టేప్ రికార్డర్లు తెచ్చాక ఈ పద్ధతి మారింది. అక్కడివాడు క్యాసెట్ నిండా మాట్లాడి, సెలవుకు ఊరికొచ్చే మనిషి చేతికి ఇచ్చేవాడు. అలా ఒక్క మనిషి సూట్‌కేసులో నాలుగైదు ఇళ్ళ క్యాసెట్లు వచ్చేవి. రాసేవాడి, చదివేవాడి అవసరం తీరింది. అయితే మొదట్లో రికార్డర్ వాడకు ఒకటో రెండో ఉండేవి గనుక వినడం మాత్రం నలుగురిలో, తరచుగా వేరేవాళ్ళ ఇంట్లో జరిగేది. 1990లలో ఎస్టీడీ, ఐఎస్డీ బూత్‌లు, ఆ తర్వాత సెల్‌ఫోన్లు వచ్చి క్యాసెట్ ఉత్తరాలు ఆగిపోయాయి. ఉన్నవి సందూకుల్లోకి, అటకల మీదికి చేరాయి.

మా దగ్గరికి వచ్చిన సమస్య

ఊరి యువజన సంఘం, గ్రంథాలయ కమిటీ కలిసి ఈ క్యాసెట్లతో ఊరి ఆర్కైవ్ ఏర్పాటు చేయాలనుకున్నాయి. ఆలోచన మంచిది, ఉత్సాహం నిజమైనది. ఇంటింటికీ తిరిగి రెండు వందలకు పైగా క్యాసెట్లు పోగుచేసి, గ్రంథాలయంలో ఒక బీరువాలో పెట్టారు. ఇంటి పెద్ద చేత కాగితం మీద సంతకం తీసుకున్నారు. పట్టణంలోని ఒక రికార్డింగ్ స్టూడియోలో కొన్నింటిని ఎంపీత్రీలుగా మార్పించి, అందులోంచి ఒక చిన్న ముక్కను ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టారు.

ఆ ముక్కలో మాట్లాడిన మనిషి, వీసా పైసల కోసం ఎవరి దగ్గర ఎంత తెచ్చిందీ, దానికింద ఏ వస్తువు కుదువపెట్టిందీ పేరుతో సహా చెప్పాడు. అప్పు ఇచ్చిన కుటుంబం, తీసుకున్న కుటుంబం ఇప్పటికీ పక్కపక్క వాడల్లోనే ఉన్నాయి. ఆ లెక్క తీరిందని ఒకరు, తీరలేదని ఒకరు. పాత తగవు గ్రూపులో మళ్ళీ మొదలై పెద్దమనుషుల దాకా పోయింది. వారం తిరగకుండా ఇళ్ళవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి తమ క్యాసెట్లు పట్టుకుపోయారు. అడగడానికి ఎవరూ రాని కొన్ని మాత్రం బీరువాలో మిగిలాయి.

సంఘం వాళ్ళు మమ్మల్ని పిలిచి అడిగిన ప్రశ్న ఒక్కటే: పోయిన క్యాసెట్లను తిరిగి ఎలా రాబట్టాలి?

తొలి నిర్ణయం: రాబట్టకూడదు

నా ఆలోచన ఆ ప్రశ్న దగ్గరే ఆగింది. ఆర్కైవ్ అంటే వస్తువులన్నీ ఒక గదిలో ఉండడమే అనుకుంటే వాటిని రాబట్టాలి. కానీ వలస సమాజాల జ్ఞాపకాల మీద పనిచేసే సంస్థలు చాలాకాలంగా మరో దారి పట్టాయి. అమెరికాలోని దక్షిణాసియా వలసదారుల కోసం 2008లో మొదలైన సౌత్ ఏషియన్ అమెరికన్ డిజిటల్ ఆర్కైవ్ అసలు వస్తువులను తన దగ్గర పెట్టుకోదు. డిజిటల్ నకలు తీసుకుని అసలును ఇంటివాళ్ళకే తిరిగి ఇస్తుంది. ఇక్కడ ఆ పద్ధతి ఇంకా బాగా కుదురుతుందనిపించింది. గ్రంథాలయం రేకుల కప్పు గది, మే నెలలో అందులో వేడి ఇంటి సందూకులో ఉన్న వేడి కంటే తక్కువేమీ కాదు. వస్తువును కదిలించడం వల్ల దానికి ఒరిగేదేమీ లేనప్పుడు, కదిలించడం వల్ల పోయే నమ్మకాన్ని ఎందుకు పణంగా పెట్టాలి?

కమిటీలో ఒకరు దీన్ని గట్టిగానే వ్యతిరేకించారు. టేపులు పాడవుతున్నాయి, వాటిని ఆడించే యంత్రాలు దొరకడం మానేశాయి, ఇళ్ళ చుట్టూ తిరుగుతూ కూర్చుంటే మిగిలేది ఏమీ ఉండదన్నారు. ఆయన భయం అర్థంలేనిది కాదు. ధ్వని ఆర్కైవుల నిపుణులంతా ఏళ్ళుగా చెబుతున్నది అదే. అయితే తొందర ఉన్నది నకలు తీయడానికి మాత్రమే. నకలు తీయడం వేరు, క్యాసెట్లను ఒకచోటికి చేర్చడం వేరని విడదీసి చూపాక, క్యాసెట్లు ఇళ్ళలోనే ఉంటాయి, యంత్రమే ఇంటికి వస్తుంది అన్న మాట మీద అందరూ ఒప్పుకున్నారు. బీరువాలో మిగిలినవాటినీ ఎవరివో కనుక్కుని వెనక్కి ఇప్పించాం. క్యాసెట్లు ఇళ్ళకు చేరడం చూశాక ఊళ్ళో మాట్లాడే తీరులో కొంత తేడా వచ్చింది.

యంత్రం వైపు పని

ఈ భాగం ఆసక్తి లేనివాళ్ళు దాటేయవచ్చు, కానీ స్టూడియోలో జరిగినది ఎందుకు తప్పో ఇక్కడే తెలుస్తుంది.

క్యాసెట్ టేపు వెడల్పు 3.81 మిల్లీమీటర్లు, నడిచే వేగం సెకనుకు 4.76 సెంటీమీటర్లు. ఇంత సన్నని, ఇంత నెమ్మది టేపు మీద, దాన్ని చదివే తల (హెడ్) ఏమాత్రం ఒరిగి ఉన్నా గొంతు మొద్దుబారుతుంది. ఇళ్ళలో వాడిన టూ-ఇన్-వన్లలో ఒక్కోదాని తల ఒక్కో కోణంలో ఉండేది. అందుకని ప్రతి క్యాసెట్‌కూ విడిగా, ‘స’కార ‘శ’కారాలు తేటగా వినిపించేదాకా తల కోణం సరిచేశాకే నకలు తీయాలి. ఎక్కువసేపు మాట్లాడవచ్చని మనవాళ్ళు గంటన్నర క్యాసెట్లకే మొగ్గారు. వాటిలో టేపు గంట క్యాసెట్లలో కంటే పలచన, ముడతపడి చుట్టుకుపోయే గుణం ఎక్కువ. లోపల టేపును తలకు ఒత్తిపట్టే ఉన్ని ముక్క చాలావాటిలో ఊడిపోయింది. చుట్టూ మరలు ఉన్న ప్లాస్టిక్ డొక్క అయితే విప్పి, టేపును కొత్త డొక్కలోకి మార్చడం సులువు. అతికించిన డొక్కలను పగలగొట్టి తీయాలి.

బూజు పట్టిన క్యాసెట్‌ను ఎట్టి పరిస్థితిలోనూ అలాగే ఆడించకూడదు. చుట్ట అంచు మీద తెల్లటి పొడి కనిపిస్తే దాన్ని విడిగా సంచిలో పెట్టి, సిలికా జెల్‌తో ఆరనిచ్చి, ముక్కుకు మాస్కు కట్టుకుని శుభ్రం చేయాలి. స్టూడియోలో అలాంటిదొకటి ఆడించి, తల తుడవకుండానే దానివెంట మరికొన్ని పెట్టారు.

నకళ్ళను 96 కిలోహెర్ట్జ్, 24 బిట్ల వేవ్ ఫైళ్ళుగా తీశాం. అంతర్జాతీయ ధ్వని ఆర్కైవుల సంఘం మార్గదర్శకాలు కనీసం 48 ఉండాలంటాయి, 96 అయితే మేలంటాయి. గంటకు రెండు జీబీలు పడుతుంది, ఈ రోజుల్లో అది భారం కాదు. అన్నిటికంటే ముఖ్యమైన నియమం, మూల నకలులో హోరు తగ్గించకూడదు, నిశ్శబ్దం కత్తిరించకూడదు. స్టూడియో వాళ్ళు మాట స్పష్టంగా ఉండాలని మంచి ఉద్దేశంతోనే నాయిస్ గేట్ పెట్టి, ఒక హద్దు కంటే చిన్నగా ఉన్న శబ్దాలన్నీ నొక్కేశారు. అదే క్యాసెట్‌ను మేము మళ్ళీ తీసినప్పుడు, ఆ మనిషి సైటులో పరంజా మీద నుంచి పడ్డ సంగతి మొదలుపెట్టబోతుండగా వెనక నుంచి ఇంకొకరి గొంతు సన్నగా వినిపించింది: “గది చెప్పకురా, ఇంట్ల బుగులువడ్తరు” (అది చెప్పకు, ఇంట్లో భయపడతారు). ఒక్క క్షణం ఏసీ హోరు మాత్రమే. తర్వాత ఆ మనిషి బతుకమ్మ పండుగ గురించి అడగడం మొదలుపెడతాడు. స్టూడియో నకలులో ఆ గొంతూ లేదు, ఆ ఆగడమూ లేదు. అతను ఉన్నట్టుండి పండుగ గురించి ఎందుకు అడిగాడో తెలిసే వీలే లేకుండా పోయింది.

ఫలించని రెండు ప్రయత్నాలు

మొదటిది, అంగీకార పత్రం. ఇంటి పెద్ద సంతకంతో సరిపెట్టకుండా, క్యాసెట్ ఎవరికి వచ్చిందో ఆ మనిషి చేతనే, తేలిక తెలుగులో రాసిన పత్రం మీద, ‘ఎవరైనా వినవచ్చు’, ‘ఊరివాళ్ళు మాత్రమే’, ‘ఎవరూ వద్దు’ అని గళ్ళు పెట్టి అడగడం. ఆర్కైవు పాఠాల ప్రకారం ఇది సరైన పద్ధతే. ఆచరణలో రెండు చోట్ల దెబ్బతిన్నది. ఈ ఇళ్ళకు సంతకం అనగానే గుర్తుకొచ్చేది ఏజెంటు కాగితం, బాండు పేపరు, భూమి కాగితం. పత్రం బయటికి తీయగానే కొడుకునో అల్లుణ్ణో పిలిపించేవారు, వాళ్ళు వచ్చాక ఇక మాట్లాడేది వాళ్ళే. రెండో చిక్కు ఇంకా లోతైనది. ముప్పై అయిదేళ్ళ కిందట విన్న క్యాసెట్లో ఏముందో ఆమెకే సరిగా జ్ఞాపకం లేదు. ఏముందో తెలియని దానికి అంగీకారం ఎలా ఇస్తుంది? కమిటీ అధ్యక్షుడి మీది గౌరవం కొద్దీ ‘ఎవరైనా వినవచ్చు’ గడిలో గుర్తుపెట్టించిన పత్రాలు కొన్ని వచ్చాయి. వాటిని లెక్కలోకి తీసుకోకూడదని నిర్ణయించాం.

రెండోది, తిరిగివచ్చిన మగవాళ్ళతో ఇంటర్వ్యూలు. క్యాసెట్లకు సందర్భం వాళ్ళ మాటల్లో దొరుకుతుందనుకున్నాం. వాళ్ళు మాట్లాడారు, ధారాళంగానే మాట్లాడారు. కానీ ఆ కథలు అప్పటికే పలుమార్లు చెప్పి నున్నబడినవి. ఏజెంటు మోసం, కఫీల్ (అక్కడ పూచీపడే యజమాని) పాస్‌పోర్టు లాక్కోవడం, అకామా (నివాస అనుమతి) లేక ఖల్లివల్లి (కాగితాలు లేని మనిషి) కావడం, ఔట్‌పాస్ (పాస్‌పోర్టు లేనివాళ్ళకు తిరుగు ప్రయాణానికి ఇచ్చే పత్రం) మీద ఇంటికి చేరడం, ఇవన్నీ నిజాలే. పత్రికలవాళ్ళు, సంస్థలవాళ్ళు ఎన్నో ఏళ్ళుగా వచ్చి ఇవే అడగడంతో, అడిగేవాడికి కావలసినది ఏదో ఆ మగవాళ్ళకు బాగా అలవాటైంది. ఒకాయన మధ్యలో ఆగి “ఫోటో ఇప్పుడు తీస్తరా, తర్వాత తీస్తరా సారూ?” అని మా సహచరుణ్ణి అడిగాడు. ఇంటర్వ్యూలు జరుగుతున్నంతసేపు ఆడవాళ్ళు చాయ్ ఇచ్చి గుమ్మం లోపల నిలబడ్డారు. క్యాసెట్లు వచ్చినవి వాళ్ళకు, దాచినవి వాళ్ళు. వాళ్ళను అడగకుండా సందర్భం ఎక్కడినుంచి వస్తుంది?

దారి దొరికిన తీరు

పత్రాలు పక్కనపెట్టి క్రమాన్ని తిరగేశాం. ముందు వినడం, తర్వాతే ఏ మాటైనా. యంత్రాన్ని ఇంటికి తీసుకెళ్ళి, క్యాసెట్‌ను నకలు తీస్తూనే, అది అందుకున్న మనిషికి హెడ్‌ఫోన్లలో వినిపించడం. పక్కన ఎవరుండాలో ఆమె ఇష్టం. ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపడం. విన్నాక అక్కడికక్కడే, ఆమె ఫైలు ఉంచమంటే ఉంచడం, వద్దంటే ఆమె ముందే తీసేయడం. దీనికి గ్రంథాలయంలో పనిచేసే, ఆ ఊరి కోడలైన అమ్మాయి చాలా అవసరమైంది. హెడ్‌ఫోన్లు ఎలా పెట్టుకోవాలో చూపించడం దగ్గర నుంచి, ఎప్పుడు లేచి బయటికి వెళ్ళాలో కనిపెట్టడం దాకా ఆమెదే బాధ్యత.

ఒక ఇంట్లో అరవై దాటిన ఒకావిడ మొదటి సైడు వింటూ హెడ్‌ఫోన్లు తీసేసి, పెద్దగా పెట్టమంది. వాకిట్లో ఉన్న తోడికోడలిని, పక్కింటి వాళ్ళను కేకేసి పిలిచింది. అవ్వాబాపులకు దండాలు, నేనీడ మంచిగున్న, మీరాడ మంచిగున్నరనుకుంట అన్న మొదలింపు, ఆ తర్వాత వాడకట్టులో ఒక్కొక్క ఇంటిపేరూ తలచుకుంటూ సాగిన పలకరింపులు, పంపిన పైసల లెక్క, బావి పూడిక ఎంతదాకా వచ్చిందన్న వాకబు అందరూ కలిసి నవ్వుతూ విన్నారు. ఆ సైడు అయిపోయింది. మా సహచరి క్యాసెట్ తిప్పబోతుంటే ఆవిడ చేయి అడ్డంపెట్టి, “గది నాకు. మీరు జెర బయట కూసోండ్రి బిడ్డా” అంది. వచ్చినవాళ్ళంతా, ఎవరూ చెప్పకుండానే, లేచి వెళ్ళిపోయారు.

ఆ లేచి వెళ్ళిపోవడమే మమ్మల్ని ఆలోచనలో పడేసింది. అది వాళ్ళకు అలవాటైన పనిలా ఉంది. తర్వాతి ఇళ్ళలో దీన్ని గురించి నేరుగా అడిగాం. చాలా ఇళ్ళలో అదే జవాబు వచ్చింది. ఎ సైడు పదిమందిలో వినడానికి, బి సైడు ఇంటామెకు. అత్తామామలు, ఆడబిడ్డలు, రికార్డర్ ఉన్న ఇంటివాళ్ళు మధ్యలో ఉన్నందువల్ల మొగుడూ పెళ్ళాలు తమలో తాము ఏర్పరచుకున్న ఏర్పాటు అది. కొందరు అవతలి సైడును రాత్రి రికార్డర్ అరువు తెచ్చుకుని విన్నారట. ఇది అన్ని ఇళ్ళలోనూ ఇంత తేటగా లేదు. పెళ్ళికాని కొడుకుల క్యాసెట్లలో ఈ విభజనే లేదు. కొన్నింటిలో రెండో సైడు చివర పాట నింపి, రహస్యాన్ని దాని తర్వాత దాచారు. ఇంకొన్నింటిలో “ఆ ముచ్చట నీకు ఎర్కే గదా” అని ఒక్క ముక్కతో దాటేశారు. అయినా అడగాల్సిన ప్రశ్న ఏదో మాకు తెలిసింది. ‘దీన్ని ఎవరు వినవచ్చు?’ అని అడిగితే తలలు వంచుకున్నవాళ్ళు, ‘అప్పుడు దీన్ని ఎవరెవరు విన్నారు?’ అని అడిగితే తడుముకోకుండా చెప్పారు.

అందుబాటు నియమాలను ఆ జవాబుల మీదే కట్టాం. అప్పట్లో వాడంతా విన్న భాగం ఇప్పుడు గ్రంథాలయానికి వచ్చినవాళ్ళు వినవచ్చు. ఇంటివాళ్ళంతా విన్నది ఆ ఇంటివాళ్ళకు, వాళ్ళు వెంటబెట్టుకొచ్చినవాళ్ళకు. ఆమె ఒక్కతే విన్నది ఆమెకు మాత్రమే, ఆమె తర్వాత ఆమె ఎవరి పేరు చెబితే వాళ్ళకు. ఇంటర్నెట్‌లో ఏదీ పెట్టకూడదన్నది కమిటీ తీర్మానం. ఒక సమాజంలో ముందునుంచీ ఉన్న వినికిడి, చూపు నియమాలను బట్టి ఆర్కైవును అరలుగా విడదీయడం కొత్త విషయమేమీ కాదు. ఆస్ట్రేలియాలోని వారుముంగు ఆదివాసులతో చేసిన పనిలోంచి పుట్టిన ముకుర్తు అనే సాఫ్ట్‌వేర్ సరిగ్గా ఈ అవసరం కోసమే తయారైంది. ఈ ఊరికి అంత వ్యవస్థ అక్కరలేకపోయింది. మూడు ఫోల్డర్లు, ఒక రిజిస్టరు సరిపోయాయి.

రిజిస్టరులో మేము అనుకోని ఒక గడి చేరింది. క్యాసెట్ పైఅంచున రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులుంటాయి. అవి విరగ్గొడితే దానిమీద మళ్ళీ రికార్డు కాదు. ఈ ఊళ్ళో ఒకే క్యాసెట్ అటూ ఇటూ తిరిగేది. మొగుడు పంపిన మాట మీదే భార్య తన జవాబు నింపి పంపేది, దానిమీద అతను మళ్ళీ నింపేవాడు. కాబట్టి మిగిలిన క్యాసెట్లలో చాలావాటిలో ఉన్నది చివరి పొర మాత్రమే. పలుకులు విరిచి ఉన్న క్యాసెట్ మాత్రం, ఎవరో ఒకరు ఇది చెరిగిపోకూడదని అనుకుని దాచినది. ఎవరు విరిచారు, ఎందుకు విరిచారు అని అడగడం మొదలుపెట్టాక, ఇంటర్వ్యూల్లో రాని సంగతులు వచ్చాయి. ఒక తల్లి తెచ్చిన క్యాసెట్‌కు పలుకులు లేవు. కొడుకు జాడ తెలియకుండా పోయాక ఆమె పిన్నీసుతో వాటిని పీకేసిందట.

తేలికగా తేలని కొన్ని

ఆ తల్లి తన కొడుకు గొంతును అందరికీ వినిపించాలంటుంది. అందులో అతను, తనను కఫీల్ కొట్టిన సంగతి ఏడుస్తూ చెప్పాడు గనుక, అది పదిమందిలో వద్దని మిగతా కొడుకులు అన్నారు. ఇద్దరి మాటా అర్థం చేసుకోదగ్గదే. క్యాసెట్ ఎవరికి వచ్చిందో వాళ్ళ మాటే చెల్లాలన్న నియమాన్ని ఇక్కడా పాటించి తల్లి మాటే తీసుకున్నాం. ఏజెంటు పేరు వచ్చే చోట మాత్రం గ్రంథాలయ నకలులో గొంతు ఆపాం. మూల నకలులో అది ఉంది.

ఈ నియమానికి చట్టం పూర్తిగా అండగా నిలవదని గుర్తుపెట్టుకోవాలి. ఉత్తరం కాగితం అందుకున్నవారిదే అయినా అందులోని రచన మీద హక్కు రాసినవారిది. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం అది వారి జీవితకాలమూ, ఆపై 60 ఏళ్ళూ ఉంటుంది. మాట్లాడి పంపినదాన్ని కూడా అదే గౌరవంతో చూడడం న్యాయం. అందుకని పంపిన మనిషి బతికుంటే ఆయన సమ్మతి కూడా అడిగాం. అయితే ఆమె విన్నాకే అడిగాం, ముందు కాదు. క్రమం మారిస్తే ఆమెకు చెప్పడానికి ఏమీ మిగలదని అంగీకార పత్రాల అనుభవంతో తెలిసింది.

ఒకావిడ మొత్తం విన్నాక దాని నకలు వద్దంది, కారణం చెప్పలేదు. ఆర్కైవు మనిషికి ఇది మింగుడుపడని మాట. ఆ క్యాసెట్ ఆ ఊళ్ళో దొరికిన పాతవాటిలో ఒకటి కూడా. మూసిపెట్టి ఉంచుతామని, ఆమె కాలంలో ఎవరూ తెరవరని చెప్పవచ్చు. కొన్నిచోట్ల అలాగే ఒప్పిస్తారు. నాకు అది ఇష్టం లేకపోయింది. ముందే వద్దంటే తీసేస్తామని మాట ఇచ్చి, తీరా వద్దన్నాక నచ్చజెప్పడం మొదలుపెడితే తర్వాతి ఇంట్లో మా మాటకు విలువ ఉండదు. ఫైలు ఆమె ముందే తీసేశాం. పేరు లేకుండా, ‘ఒక క్యాసెట్, నకలు తీయలేదు, అందుకున్నవారి కోరిక’ అని రిజిస్టరులో రాయడానికి ఆమెను అడిగితే సరేనంది. సేకరణలో ఖాళీ ఎక్కడుందో తర్వాత వచ్చేవాళ్ళకు తెలియాలి కదా.

మరికొన్నింటిలో అన్నల (నక్సలైట్ల) ప్రస్తావన ఉంది. ఫలానా వాణ్ణి పోలీసులు తీసుకుపోయారట కదా, వచ్చాడా లేదా అని పేరుతో అడగడం, ఫలానా ఇంటికి పోకండని తమ్ముళ్ళకు జాగ్రత్త చెప్పడం. అప్పట్లో వాడంతా విన్న భాగమే అయినా వీటిని మాత్రం మూసిన అరలో పెట్టాం. పేర్లు వచ్చిన మనుషుల్లో బతికున్నవాళ్ళున్నారు, వాళ్ళను ఎవరూ అడగలేదు. పాత వినికిడి నియమం ఇంటివాళ్ళ మధ్య మర్యాదను కాపాడుతుంది, మూడో మనిషి భద్రతను కాపాడలేదు. ఇక్కడ బయటి జాగ్రత్తే కావాలి.

తేదీలు

క్యాసెట్ల మీద తేదీలు దాదాపు లేవు. మాటల్లోంచే లాగాలి. “చిన్నోడు నడుస్తున్నడా?” అన్న ప్రశ్న ఏడాదిన్నర తేడాతో కాలాన్ని పట్టిస్తుంది. కానీ పదో తరగతి మెమోలో ఉన్న పుట్టినరోజును నమ్మితే బోర్లాపడతాం. బడిలో చేర్చిన రోజు పంతులు వేసిన అంచనా తేదీలు అందులో బోలెడు. దానికంటే పాస్‌పోర్టు గట్టి ఆధారం. 1983 నాటి వలసల చట్టం కింద కార్మికులకు పడిన అనుమతి ముద్ర, విమానాశ్రయంలో పడిన రాకపోకల ముద్రలు కలిపి చూస్తే, ఆ మనిషి ఎప్పుడు అక్కడున్నాడో, క్యాసెట్ మోసుకొచ్చిన మనిషి ఎప్పుడు ఇక్కడికొచ్చాడో తేలుతుంది. రద్దయిన పాస్‌పోర్టులను ఈ ఇళ్ళలో భూమి పట్టాలతో పాటు దాస్తారు గనుక అవి దొరకడం కష్టం కాలేదు.

ఒక క్యాసెట్లో “కువైట్ల లడాయి మొదలైంది, మా దిక్కు ఏం లేదు, పరేషాన్ గాకండ్రి” అని ఉంది. ఇరాక్ సేనలు కువైట్‌లోకి ప్రవేశించినది 1990 ఆగస్టు 2న. తర్వాతి వారాల్లో 1,70,000 మందికి పైగా భారతీయులను అక్కడినుంచి తరలించారు, ఎక్కువమందిని జోర్డాన్ రాజధాని అమ్మాన్ మీదుగా ఎయిర్ ఇండియా విమానాల్లో. ఆ మనిషి ఉన్నది మస్కట్‌లో. ఊళ్ళో మాత్రం గల్ఫ్ అంతా దుబాయే కాబట్టి ఎవరు ఎక్కడున్నారో తెలియక వాడంతా భయపడ్డ రోజులవి. ఆ ఒక్క వాక్యం ఆధారంగా, అదే గదిలో ఉన్న మనుషులు పంపిన మరికొన్ని క్యాసెట్ల కాలం కూడా తేలింది.

ఇదే పని చేయబోయేవాళ్ళకు

వినేటప్పుడు ఆమె అనే మాటలను, ఆమె సరేనంటే, రెండో ఫైలుగా రికార్డు చేయండి. ఎవరి గొంతు ఏది, ఎవరు ఎవరికి ఏమవుతారు, ఆ బావి ఎక్కడుంది అన్నవన్నీ అందులోనే వస్తాయి. ఏ కేటలాగు ఫారమూ అంత ఇవ్వదు. నా అంచనాలో ఈ రెండో ఫైళ్ళ విలువ క్యాసెట్ల విలువకు తక్కువ కాదు. వాటి అందుబాటు నియమం మాత్రం క్యాసెట్‌ది కాకుండా విడిగా అడగాలి.

నకళ్ళు మూడు చోట్ల పెట్టండి, అందులో ఒకటి ఊరి బయట ఉండాలి. ఇక్కడ గ్రంథాలయంలో ఒక హార్డ్ డిస్కు, పంచాయతీ కార్యాలయంలో ఒకటి, మా దగ్గర ఒకటి. మా దగ్గర ఉన్నదాన్ని తెరిచే సంకేతపదం గ్రంథాలయ కమిటీ చేతిలో ఉంది, మా చేతిలో లేదు. ప్రతి ఫైలుకూ చెక్‌సమ్ (ఫైలు చెడలేదని సరిచూసుకునే గుర్తు సంఖ్య) తీసి రిజిస్టరులోనే అతికించాం. ఏడాదికోసారి సరిచూసుకోవాలి.

డబ్బు విషయం కూడా చెప్పాలి. యంత్రం, డిస్కులు ఒక్కసారి ఖర్చు, చందాలతో తీరిపోయింది. ఇళ్ళకు తిరిగే మనిషి జీతం మాత్రం ప్రతినెలా కావాలి. దాతలు పరికరాలకు ఇచ్చినంత సులువుగా జీతానికి ఇవ్వరు. ప్రణాళికలో ఆ జీతమే మొదటి పద్దుగా రాయించడం మంచిది.

ఇప్పటి స్థితి

తీసుకెళ్ళిపోయిన ఇళ్ళలో ఎక్కువభాగం తిరిగి తలుపు తెరిచాయి. అప్పు తగవులో ఉన్న రెండు కుటుంబాలూ ఇంకా తెరవలేదు, మేము అడగనూ లేదు. సేకరణలో పెద్ద లోటు ఆడవాళ్ళ జవాబులు. ఇటునుంచి అటు పోయిన క్యాసెట్లలో చెరిగిపోకుండా మిగిలినవి ఉంటే అవి క్యాంపు గదుల్లోనో, తిరిగొచ్చినవాళ్ళ సూట్‌కేసుల అడుగునో ఉండాలి. తిరిగొచ్చిన మగవాళ్ళను ఇప్పుడు ఇంటర్వ్యూకి బదులు ఆ సూట్‌కేసుల గురించి అడుగుతున్నాం. దొరికిన కొద్దిపాటిలో ఒకదానికి పలుకులు విరిచి ఉన్నాయి. మగవాడు అందుకున్న క్యాసెట్‌కూ అదే నియమం గనుక ముందు ఆయనే వింటాడు. మాట్లాడిన భార్య సమ్మతి ఆ తర్వాత అడగాలి. ఈ విషయంలో కమిటీలో రెండు అభిప్రాయాలున్నాయి. ఆడవాళ్ళ గొంతు ఉన్నచోట ముందు వాళ్ళకే వినిపించాలని గ్రంథాలయంలో పనిచేసే అమ్మాయి పట్టుబడుతోంది. నియమం ఇద్దరికీ ఒకటిగా ఉండాలని మిగతావాళ్ళు అంటున్నారు. తీర్మానం అయ్యేదాకా ఆ క్యాసెట్లను ఆడించకుండా ఉంచాం.

ఇప్పుడు గల్ఫ్‌లో ఉన్నవాళ్ళు వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు పంపుతున్నారు, ఫోను మారినప్పుడల్లా అవి పోతున్నాయి. వాటిని కూడా చేర్చాలని యువజన సంఘం కోరింది. ఎవరు ఎవరి దగ్గర కూర్చుని ఏ మెసేజ్ వింటారో ముందు కొన్ని ఇళ్ళలో కనుక్కుని రమ్మని చెప్పాం.